బొమ్మలు విప్పి బిగించే పిల్లవాడు డిక్టేషన్‌లో ఎందుకు తడబడతాడు?

మీరు అడిగిన దాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ సంగతి. నాలుగో తరగతి చదివే మీ బాబు ఏ బొమ్మనైనా విప్పి మళ్లీ బిగిస్తాడు, ఒకసారి వెళ్లిన దారి మరచిపోడు. కానీ ఎక్కాలు నిలవవు, డిక్టేషన్‌లో సగం మార్కులు కూడా రావు. టీచరుగారు ‘విజువల్ లెర్నర్’, అంటే చూసి నేర్చుకునే రకం అన్నారు. ఎవరో వేలిముద్రలు తీసుకుని పిల్లవాడి అభ్యసన శైలి (నేర్చుకునే తీరు) చెబుతామంటున్నారు. మీ వారిదీ చిన్నప్పుడు ఇదే తీరట, పెద్దవాళ్లలో దీన్ని ఎలా గుర్తించాలని కూడా అడిగారు.

ముందు వేలిముద్రల సంగతి తేల్చేద్దాం, అది డబ్బు వదిలే వ్యవహారం కాబట్టి. చేయించకండి. వేలి మీది గీతలు బిడ్డ కడుపులో ఉండగానే ఏర్పడతాయి, ఆ తర్వాత జీవితాంతం అలాగే ఉంటాయి. ఆకారాలను మనసులో తిప్పి చూసే నేర్పు మాత్రం సాధన చేస్తే పెరుగుతుంది. మారని గీతను చూసి మారే నేర్పును ఎలా లెక్కగడతారో వాళ్లనే అడిగి చూడండి. చివరికి చేతిలో పెట్టేది రంగురంగుల చక్రాలతో, శాతాలతో నిండిన లావుపాటి రిపోర్టు. అందులో ఏ వాక్యం తీసుకున్నా ఏ పిల్లవాడికైనా ఎంతో కొంత అతుకుతుంది. వారఫలాలు రాసేవాళ్లదీ ఇదే విద్య. కళ్లకు గంతలు కట్టి ‘మధ్య మెదడు’ను మేల్కొలుపుతామనే కోర్సులనూ ఇదే గాటన కట్టవచ్చు.

టీచరుగారి మాటలో సగం నిజం ఉంది. ఆ సగం ఏదో విడదీసి చెప్పడానికే ఇంత పొడుగు సమాధానం రాస్తున్నాను.

ఆకారాలు, దూరాలు, దిశలు, ఒక వస్తువులోని భాగాల అమరిక, వీటిని మనసులో నిలిపి ఇటూ అటూ కదిలించగలగడాన్ని ప్రాదేశిక సామర్థ్యం అంటారు. ఇది కొలిచి చూసిన సంగతి. 1971లో అమెరికాలో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్‌లర్ అనే పరిశోధకులు ఘనాలు అతికించి చేసిన ఆకారాల బొమ్మలను జతలుగా చూపించి, రెండూ ఒకటేనా కాదా అని అడిగారు. ఒక బొమ్మ రెండోదాని కంటే ఎంత ఎక్కువ కోణంలో తిరిగి ఉంటే జవాబుకు అంత ఎక్కువ సమయం పట్టింది. అంటే మనుషులు ఆ వస్తువును మనసులో తిప్పి చూస్తున్నట్టే లెక్క. ఈ పనిలో మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటుంది. ఆ తేడా చిన్న వయసులోనే తెలుస్తుంది కానీ, బడి మార్కుల్లో తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

బడి సంగతి అలా ఉంచండి, మేధావులను వెతకడానికి కట్టిన పరీక్షల్లోనే ఇది జారిపోయింది. 1921లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయీ టెర్మన్ కాలిఫోర్నియాలో అసాధారణ తెలివిగల పిల్లలను ఎంచి, జీవితాంతం గమనించే పని మొదలుపెట్టారు. ఆయన వాడిన పరీక్షలో మాటలకే పెద్దపీట. ఆ పరీక్షకు కూర్చుని ఎంపిక కాకుండా మిగిలిపోయిన వాళ్లలో విలియం షాక్లీ, లూయీ ఆల్వరెజ్ ఉన్నారు. మొదటాయనకు ట్రాన్సిస్టర్ పరిశోధనలకు 1956లో, రెండో ఆయనకు 1968లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఎంపికైన పదిహేను వందల పైచిలుకు మందిలో ఒక్కరికీ రాలేదు. 1960లో అమెరికా హైస్కూలు పిల్లలు సుమారు 4 లక్షల మందికి పరీక్షలు పెట్టి, పదకొండేళ్లకు పైగా వాళ్ల చదువులను, ఉద్యోగాలను గమనించారు. ఆ సమాచారాన్ని 2009లో మళ్లీ విశ్లేషిస్తే, ఇంజినీరింగ్, భౌతికశాస్త్రం వైపు వెళ్లి నిలబడినవాళ్లు హైస్కూలు వయసులోనే ప్రాదేశిక పరీక్షల్లో ముందున్నారని తేలింది. కాబట్టి మీ బాబులో అలాంటి బలం ఉంటే దాన్ని ఆటగా కొట్టిపారేయకూడదు. టీచరుగారి మాటలో నిజమైన సగం ఇది.

నిలబడని సగం ఏమిటంటే, ‘ఇతను కంటితో నేర్చుకునే రకం, కాబట్టి అన్నీ కంటితోనే నేర్పాలి’ అన్నది. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చదివీ రాసీ నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అని విడగొట్టే ప్రశ్నావళిని న్యూజీలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్ తయారుచేశారు, అది ప్రపంచమంతా పాకింది. ఈ మాటను రుజువు చేయాలంటే ఏమి చూపించాలో ఒక్కసారి ఆలోచించండి. ‘చూసే’ పిల్లలను, ‘వినే’ పిల్లలను తీసుకోవాలి. రెండు గుంపుల్లోనూ కొందరికి బొమ్మలతో, కొందరికి మాటలతో పాఠం చెప్పాలి. అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. చూసేవాళ్లకు బొమ్మల పాఠం, వినేవాళ్లకు మాటల పాఠం ఎక్కువ మార్కులు తెచ్చిపెట్టాలి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ గాలిస్తే, ఇలా సరిగ్గా చేసినవే బహు కొద్ది. వాటిలోనూ చాలావరకు ఫలితం ఎదురే వచ్చింది. అయినా బడుల్లో ఈ మాట చెల్లుతూనే ఉంది. దానికో కారణం ఉంది. బొమ్మ, మాట కలిపి చెబితే దాదాపు అందరికీ బాగా ఎక్కుతుంది. మీ బాబుకు బొమ్మ వేసి చెబితే అర్థమయ్యింది కాబట్టి అతను విజువల్ లెర్నర్ అనుకుంటున్నారు. పక్క పిల్లవాడికీ అలాగే చెప్పి ఉంటే వాడికీ అర్థమయ్యేది.

టెట్, డీఎస్సీ చదివినవాళ్లు ఇక్కడ గార్డ్‌నర్ పేరు ఎత్తుతారు. తెలివి ఒక్కటి కాదు, పలు రకాలు అని చెప్పిన అమెరికా మనస్తత్వవేత్త హోవార్డ్ గార్డ్‌నర్, 1983లో ఆ ‘బహుళ ప్రజ్ఞల్లో’ ప్రాదేశిక ప్రజ్ఞను చేర్చిన మాట నిజమే. ప్రజ్ఞ వేరు, అభ్యసన శైలి వేరు, రెండింటినీ కలిపేయవద్దని 2013లో ఆయనే స్వయంగా రాయవలసి వచ్చింది. ‘విజువల్-స్పేషియల్ లెర్నర్’ అన్న పేరు పెట్టినావిడ అమెరికాలోని డెన్వర్‌కు చెందిన మనస్తత్వవేత్త లిండా సిల్వర్‌మన్. ప్రతిభగల పిల్లలకు తెలివితేటల పరీక్షలు పెడుతూ, ఆకారాల అమరికలో చాలా ఎత్తున ఉండి కూడా తరగతి గదిలో ఇబ్బంది పడే వాళ్లను ఆమె గమనించారు. ఆ గమనింపు విలువైనదే. దానికి కుడి మెదడు, ఎడమ మెదడు అనే తోక తగిలించడంతోనే పేచీ. మనసులో ఆకారం తిప్పేటప్పుడు మెదడు రెండు వైపులా పని చేస్తుంది.

ఇక గుర్తించడం ఎలాగో చూద్దాం. ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి.

బొమ్మల పుస్తకాలంటే ఇష్టమా, వీడియో చూస్తే త్వరగా పట్టుకుంటాడా అన్నవి లెక్కలోకి తీసుకోకండి. ఆ వయసులో ఎవరికి ఇష్టం ఉండదు? బొమ్మలు అందంగా గీయడం కూడా నమ్మదగిన గుర్తు కాదు. చూపుతో ఆలోచించేవాళ్లలోనే రెండు రకాలు ఉన్నారని పరిశోధకురాలు మరియా కొజెవ్నికోవ్, ఆమె సహచరులు 2002 నుంచి వరుసగా చూపించారు. కొందరి మనసులో రంగు, నునుపు, ముఖకవళికలు, చిన్న చిన్న వివరాలు ఫోటోలా నిలుస్తాయి. చిత్రకారులు ఎక్కువగా ఈ కోవలోకి వస్తారు. మరికొందరి మనసులో అంత తళతళలాడే బొమ్మ ఏదీ ఉండదు. ఏ భాగం దేనికి ఎటువైపు ఉంది, ఇది కదిలితే అది ఎటు కదులుతుంది అన్న అమరిక మాత్రం స్పష్టంగా ఉంటుంది. శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు ఎక్కువగా ఈ కోవ. ఈ రెండింటినీ కలిపి ‘విజువల్’ అనేస్తే పిల్లవాడి గురించి తెలిసేది సున్నా.

ఈ తేడా హైస్కూల్లో గ్రాఫుల దగ్గర బయటపడుతుంది. అడ్డగీత మీద సమయం, నిలువుగీత మీద ఇంటి నుంచి దూరం పెట్టి, పైకి ఎక్కి, కాసేపు చదునుగా సాగి, మళ్లీ కిందికి దిగే ఒక గీత చూపించండి. రెండో కోవ పిల్లవాడు ‘ఇంటి నుంచి బయలుదేరాడు, ఒకచోట ఆగాడు, తిరిగి వచ్చేశాడు’ అంటాడు. మొదటి కోవ పిల్లవాడు, ఎంత చక్కగా బొమ్మలు వేసేవాడైనా సరే, ‘గుట్ట ఎక్కాడు, పైన నడిచాడు, దిగాడు’ అనే ప్రమాదం ఉంది. గీతను అతను అచ్చంగా బొమ్మలాగే చూస్తున్నాడు. అలాంటి పిల్లవాడికి ‘విజువల్ కదా’ అని మరో నాలుగు గ్రాఫులు చూపిస్తే లాభం లేదు, మాటలతో విడమరచి చెప్పాలి.

మీ బాబుకు గ్రాఫుల వయసు ఇంకా రాలేదు కాబట్టి ఇంట్లో చూడగలిగినవి చెబుతాను.

చుక్కల ముగ్గు మంచి సాధనం. మగపిల్లవాడికి ముగ్గేమిటి అనుకోకండి, కాగితం మీద పెన్సిలుతోనే. 7 నుంచి 4 వరకు సందు చుక్కలు పెట్టండి: మధ్య వరుసలో 7, దానికి అటూ ఇటూ 6, 5, 4, మొత్తం 37. చుక్కలను తాకకుండా వాటి చుట్టూ తిరిగే మెలికల ముగ్గును ఒక పక్కన మీరు మొదలుపెట్టి, మిగిలినది అతన్ని పూర్తి చేయమనండి. ముగ్గు కుదిరిందా లేదా అన్నదాని కంటే ఎలా వేశాడన్నది చూడండి. కొందరు పిల్లలు పెదవులు కదుపుతూ వేస్తారు. ‘ఒక చుక్క వదిలి, దీని చుట్టూ తిరిగి, మళ్లీ ఒకటి వదిలి’ అని లెక్క కట్టుకుంటారు. వాళ్లకూ ముగ్గు వస్తుంది. ఆకారాన్ని మాటల్లోకి మార్చుకుని గెలుస్తారన్నమాట. ఇంకొందరు కాసేపు ఊరికే చూసి, పెన్సిలును మీరు ఆపినచోట కాకుండా సరిగ్గా ఎదురు పక్కన పెట్టి అక్కడి నుంచి మొదలుపెడతారు. మెలిక ఇక్కడ పైనుంచి పోతే అక్కడ కిందనుంచి పోవాలన్నది వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సగంలో కాగితాన్ని పక్కకు తిప్పి ఇవ్వండి. లెక్క కట్టేవాడు తికమకపడి మొదటికి వస్తాడు. ఆకారం పట్టినవాడు పెద్దగా ఆగడు. మెలికల ముగ్గులు ఇంట్లో రోజూ చూసి అలవాటైన పిల్లలకు ఇది తేలిక కాబట్టి, వాళ్లకు మునుపు చూడని ముగ్గు ఇవ్వాలి.

దారి గుర్తుండటం గురించి మీరు రాశారు. అది ఒక్కటే చాలదు. కిళ్లీ కొట్టు దగ్గర కుడికి, గుడి దగ్గర ఎడమకు అని గుర్తుల వరుసను కంఠతా పెట్టుకున్నా దారి తెలుస్తుంది. ఊరి నక్షా మనసులో ఉండటం వేరు. బజారులో ఉన్నప్పుడు ‘మన ఇల్లు ఎటువైపు ఉంది, వేలితో చూపించు’ అనండి. దారి మొదలయ్యే వైపు చూపిస్తున్నాడా, ఇల్లు నిజంగా ఉన్న దిక్కు చూపిస్తున్నాడా? ఎప్పుడూ ఇంటి నుంచే వెళ్లే రెండు చోట్ల పేర్లు చెప్పి, ఒకదాని నుంచి నేరుగా రెండోదానికి ఎలా వెళ్లాలో అడగండి. అడ్డదారి చెప్పగలిగితే నక్షా ఉన్నట్టే.

బొమ్మలు విప్పి బిగించడం కూడా అంతే. విప్పిన వరుసకు తిరగేసి బిగించేవాడికి మంచి జ్ఞాపకశక్తి ఉంది. మరలు కలిసిపోయినా, ఒక ముక్క పోయినా, ‘ఇది ఇక్కడే పట్టాలి, లేకపోతే ఆ చక్రం తిరగదు’ అనేవాడికి అమరిక తెలుసు. మూడు పళ్లచక్రాలు వరుసగా ఆనుకుని ఉన్న బొమ్మ గీసి, మొదటిది కుడివైపు తిరిగితే మూడోది ఎటు తిరుగుతుందని అడగండి. మొదటిది తిరిగిన వైపే తిరుగుతుంది. జవాబుకు ముందు వేళ్లు గాలిలో తిప్పాడంటే మంచి గుర్తు.

ఇలాంటి పిల్లల్లో తరచుగా కనబడే మరో లక్షణం, లెక్కకు జవాబు వస్తుంది కానీ మెట్లు రావు. ‘ఎలా చేశావు’ అంటే ‘తెలిసింది’ అంటారు. కాపీ కొట్టాడని దెబ్బలు తిన్నవాళ్లనూ నేను చూశాను. కథ చెప్పమంటే ముగింపు ముందు చెప్పి, చేతులు ఊపుతూ మాటలు వెతుక్కుంటారు. వీటిని అదనపు ఆధారంగానే తీసుకోండి, ఎందుకంటే మెట్లు రాయకపోవడానికి బద్ధకం మొదలు భాషలో ఇబ్బంది దాకా సవాలక్ష కారణాలు ఉంటాయి.

దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండే పిల్లలూ ఉన్నారు. గలగలా మాట్లాడతారు, ముందుగానే చదవడం వస్తుంది, కానీ కూడికలో అంకెలు ఒకదాని కింద ఒకటి రాయలేరు, చొక్కా తిరగేసి వేసుకుంటారు, మ్యాపు చూస్తే బెంబేలెత్తుతారు. మార్కులు బాగుంటాయి కాబట్టి వాళ్ల గురించి ఎవరూ ఇలా ప్రశ్న రాయరు.

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. ఆకారాల్లో బలం ఉండటం వల్ల డిక్టేషన్ రాకుండా పోదు. రెండూ ఒకే పిల్లవాడిలో ఉండవచ్చు, కానీ ఒకటి రెండోదానికి కారణం కాదు. ‘విజువల్ లెర్నర్’ అన్న మాటతో నాకున్న పెద్ద అభ్యంతరం ఇదే. అది వినగానే తల్లిదండ్రుల మనసు కుదుటపడుతుంది, అసలు వెతకాల్సిన కారణాన్ని వెతకడం మానేస్తారు. నాలుగో తరగతిలో వదిలేసినది ఎనిమిదో తరగతిలో సైన్సు, సోషల్ అన్నీ కలిసి మీద పడేటప్పుడు బయటపడుతుంది.

కంటి పరీక్ష, చెవి పరీక్ష ముందు చేయించండి. తర్వాత డిక్టేషన్ పుస్తకం ముందేసుకుని తప్పులను విడదీయండి. ‘ప’కు ‘వ’, ‘ఘ’కు ‘ఝ’ రాస్తే అది ఆకారాల పొరపాటు. ‘చెట్టు’ను ‘చెటు’ అని, ‘పాలు’ను ‘పలు’ అని రాస్తే, ‘లాంప్’ అనే ఇంగ్లిష్ మాటలో మధ్యనున్న ఎమ్ ఎగిరిపోతే, అది ధ్వనుల పొరపాటు. ఇక కాగితం, పెన్సిలు లేకుండా నోటితోనే ఒక ఆట ఆడండి. ‘మామిడి’లో ‘మి’ తీసేస్తే ఏమి మిగులుతుంది? ‘కమలం’లో ‘మ’ తీసేస్తే? అతని వయసు పిల్లలు ‘మాడి’, ‘కలం’ అని నవ్వుతూ చెప్పేస్తారు. మీ బాబు పదే పదే తడబడితే, చిక్కు కంటిలో కాదు, మాటను ధ్వనులుగా విడగొట్టడంలో ఉందని అనుమానించాలి. తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియాకు మూలం చాలామంది పిల్లల్లో అక్కడే. అక్షరాలు తలకిందులుగా కనబడటం అనేది జనంలో పాతుకుపోయిన అపోహ. డిస్లెక్సియా ఉన్నవాళ్లందరికీ ప్రాదేశిక ప్రతిభ వరంగా వస్తుందన్న మాట కూడా ఇంటర్నెట్‌లో జోరుగా తిరుగుతోంది. పరిశోధనల ఫలితాలు ఈ విషయంలో ఒక్కతాటి మీద లేవు. కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు, అంతే.

అనుమానం బలపడితే క్లినికల్ సైకాలజిస్టు దగ్గర పరీక్ష చేయించండి. మన దగ్గర పిల్లలకు ఎక్కువగా వాడేది వెక్స్‌లర్ తెలివితేటల పరీక్షకు భారతీయ రూపంగా మాలిన్ తయారుచేసిన మిసిక్. అందులో మాటల భాగం, చేతల భాగం విడివిడిగా ఉంటాయి. చేతల భాగంలో ఎరుపు, తెలుపు ముఖాలున్న ఘనాలతో, కార్డు మీది నమూనాను పేర్చమంటారు. ఆ ఒక్క పనిని పక్కన కూర్చుని చూస్తే చాలా తెలుస్తుంది. ఒక పిల్లవాడు మూల నుంచి మొదలుపెట్టి, ఒక్కో ఘనాన్నీ కార్డుకు ఆనించి పోల్చుకుంటూ, సగం ఎరుపు సగం తెలుపు ఉన్న ముఖం దగ్గర నాలుగుసార్లు తిప్పి చూసి పెడతాడు. ఇంకొకడు కార్డు మీది గీతలు లేని నమూనాలోనే ఘనాల సరిహద్దులు చూసేసి, చేతిలోకి తీసుకుంటూనే సరైన ముఖం పైకి వచ్చేలా తిప్పి పెడతాడు. మొత్తం ఐక్యూ అంకె ఒక్కటే చూసి ఇంటికి రాకండి. మాటల భాగం బాగా తక్కువ, చేతల భాగం బాగా ఎక్కువ ఉన్న పిల్లవాడికి మధ్యస్థంగా ఒక అంకె వస్తుంది. ఆ అంకె అతని బలాన్నీ చెప్పదు, ఇబ్బందినీ చెప్పదు.

నిర్దిష్ట అభ్యసన వైకల్యం (డిస్లెక్సియా వంటి ఇబ్బందులకు చట్టంలోని పేరు) అని తేలితే కంగారు పడకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, లేఖకుడి సాయం వంటి వెసులుబాట్లు అడగవచ్చు.

నేర్పడం సంగతి. బలాన్ని వాడుకోవలసిన చోట వాడండి. 7 ఎనిమిదులు నిలవకపోతే గళ్ల కాగితం మీద 7 వరుసలు, వరుసకు 8 గళ్లు ఉన్న దీర్ఘచతురస్రం గీయించండి. 5 వరుసల దగ్గర అడ్డంగా మడత పెట్టించండి. పైన 40, కింద 16, మొత్తం 56. రెండు మూడు రోజుల తర్వాత కాగితం లేకుండా, కళ్లు మూసుకుని మడత ఎక్కడ పెట్టాలో చెప్పమనండి. ఇలా నేర్చుకున్న పిల్లవాడు 56 మరచిపోయినా మళ్లీ కట్టుకోగలడు. అయితే ఎక్కాలు చివరికి తడుముకోకుండా నోటికి రావాలి. అందుకు రోజూ కాసేపు పుస్తకం మూసి చెప్పడం తప్పదు, దానికి అడ్డదారి లేదు.

చదవడం, రాయడం మాత్రం బొమ్మలతో రాదు. ‘ఏనుగు’ పక్కన ఏనుగు బొమ్మ పెడితే అతను బొమ్మను చదువుతాడు, మాటను చదవడు. ఇక్కడ ధ్వని నుంచి అక్షరానికి, అక్షరం నుంచి గుణింతానికి, వత్తుకు క్రమంగా వెళ్లే బోధనే కావాలి. అది విసుగైన పనే. తెలిసిన స్పెషల్ ఎడ్యుకేటర్ దొరికితే వారానికి రెండు మూడు రోజులు పంపండి. రంగుల పెన్నులతో మైండ్ మ్యాపులు వేయించే ట్యూషన్లకు ఈ వయసులో తొందర లేదు. అందమైన మ్యాపు పక్కన పెట్టేసి, దాన్నే గుర్తుతెచ్చుకుని మళ్లీ గీస్తేనే ఏదైనా మిగిలేది.

మీ వారి విషయం. పెద్దవాళ్లు తమ గురించి తాము చెప్పుకునేది ఇక్కడ పెద్దగా పనికిరాదు. ‘నాకు అన్నీ బొమ్మల్లా కనబడతాయి’ అనేవాళ్లు ఆకారాలు తిప్పే పరీక్షల్లో గెలుస్తారని ఏమీ లేదు. బ్రిటన్‌లో ఆడమ్ జెమాన్ అనే న్యూరాలజిస్టు దగ్గరకు వచ్చిన ఒకాయన కథ దీనికి మంచి ఉదాహరణ. భవనాల సర్వేయరుగా పని చేసి రిటైరైన ఆయనకు, గుండె రక్తనాళాలకు చికిత్స జరిగిన తర్వాత మనసులో బొమ్మలు కనబడటం హఠాత్తుగా ఆగిపోయింది. అయినవాళ్ల ముఖాలు కూడా ఊహలోకి రావు. అయినా ఆకారాలు తిప్పి పోల్చే పరీక్ష ఆయన బాగానే చేశారు. ఇలా మనసులో బొమ్మలే రాని స్థితికి జెమాన్ బృందం 2015లో ‘అఫాంటేసియా’ అని పేరు పెట్టింది. పుట్టినప్పటి నుంచే అలా ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు, తక్కినవాళ్లకు బొమ్మలు కనబడతాయని పెద్దయ్యాక ఎప్పుడో తెలుసుకుని నోరు తెరుస్తారు.

కాబట్టి ఆయన చేసే పనులు చూడండి. ఇల్లు కట్టించేటప్పుడు ప్లాను చూసి, గోడలు లేవకముందే ‘ఈ తలుపు తెరిస్తే మంచానికి తగులుతుంది’ అన్నారా? సామాను ఎక్కించేటప్పుడు బీరువా ఏ కోణంలో వంచితే మెట్ల మలుపు దాటుతుందో ముందే చెబుతారా? ఏదైనా వివరించమంటే చేతికి దొరికిన కాగితం వెనక గీత మొదలుపెడతారా? అదే సమయంలో ఫారాలు నింపడం మీకు అప్పగిస్తారా, పొడుగాటి మెయిళ్లను వాయిదా వేస్తారా? ప్లానును ఒక్క చూపులో చదివే మేస్త్రీలను, కొలత తీసుకోగానే గుడ్డ మీద ఏ ముక్క ఎటు తిప్పి వేస్తే మిగులు తగ్గుతుందో చెప్పే కటింగ్ మాస్టర్లను గమనించండి. వాళ్లలో చాలామంది బడిలో ‘మొద్దు’ అనిపించుకున్నవాళ్లే.

ఆయన బీటెక్ చదివి ఉంటే ఇంకా తేలిక, మొదటి సంవత్సరం ఇంజినీరింగ్ డ్రాయింగ్ ఎలా గడిచిందో అడగండి. ఇంటర్‌లో ఎంపీసీ మార్కులు దంచికొట్టిన వాళ్లు కూడా, ఒక వస్తువును ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి గీయమనగానే చేతులెత్తేసే సబ్జెక్టు అది. బైపీసీ వాళ్లకు కర్బన రసాయన శాస్త్రంలో అణువుల అద్దపు ప్రతిబింబాల దగ్గర ఇదే గండం. మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో షెరిల్ సోర్బీ 1993 నుంచి ఇలాంటి విద్యార్థులకు ప్రత్యేక కోర్సు నడిపారు. ఘనాలు పేర్చి చూసి, చేత్తో గీయడమే అందులో ముఖ్యం. దాని వల్ల వాళ్ల స్కోర్లు పెరగడమే కాదు, ఇంజినీరింగ్ మానకుండా నిలబడినవాళ్లూ పెరిగారు. 2013లో డేవిడ్ ఉట్టల్ బృందం 217 పరిశోధనలను కలిపి చూసి, ఈ సామర్థ్యం ఏ వయసులోనైనా సాధనతో పెరుగుతుందని, పెరిగినది కొంతకాలం నిలుస్తుందని తేల్చింది. కాబట్టి బలహీనంగా ఉన్నవాళ్లూ ‘నా రకం వేరు’ అని వదిలేయనక్కర్లేదు.

మీకు ఇంకా చిన్న పాప కూడా ఉందని రాశారు. ఆమెతో మాట్లాడేటప్పుడు ‘అక్కడ పెట్టు’ అనకుండా ‘అలమర కింది అరలో, ఎడమ మూలకు, నిలువుగా పెట్టు’ అనండి. మూల, అంచు, వంపు, ఏటవాలు వంటి మాటలు తల్లిదండ్రుల నోట ఎక్కువగా విని, తామూ ఎక్కువగా వాడిన పిల్లలు నాలుగున్నరేళ్ల వయసులో ప్రాదేశిక పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారని 2011లో షికాగో పరిశోధకులు చూపించారు. పొడుగాటి కీర దోసకాయను అడ్డంగా కోస్తే గుండ్రం, ఏటవాలుగా కోస్తే కోడిగుడ్డు ఆకారం వస్తుంది. కోసేముందు ఏ ఆకారం వస్తుందో అడిగి కోయండి. అంతకు మించి కొనాల్సిన కిట్లేమీ లేవు.

సైకాలజిస్టు అపాయింట్‌మెంట్‌కు వెళ్లేటప్పుడు బాబు డిక్టేషన్ పుస్తకం, లెక్కల నోట్సు, అతను తనంతట తాను గీసిన లేదా కట్టిన వాటి ఫోటోలు తీసుకెళ్లండి. రిపోర్టులో మాటల భాగం, చేతల భాగం స్కోర్లు విడిగా ఉండాలని, చదవడం ఏ తరగతి స్థాయిలో ఉందో, ధ్వనులను విడగొట్టగలుగుతున్నాడో లేదో రాసి ఇవ్వాలని ముందే అడగండి. టీచరుగారితో మాత్రం ఒక్కటే మాట్లాడండి: రిపోర్టు వచ్చేదాకా బోర్డు మీది నుంచి దించుకునే పని కాస్త తగ్గించి, ఎక్కాల పరీక్షలో సమయం కొంచెం ఎక్కువ ఇవ్వమనండి. ఇంకొక మాట, అప్పటిదాకా ఎరుపు-తెలుపు ఘనాలు పేర్చే యాప్‌లు, వీడియోలు బాబుకు ఇవ్వకండి. ముందే సాధన చేసి వెళ్తే ఆ భాగంలో వచ్చే స్కోరును ఎవరూ నమ్మలేరు.